తనను తానే తోసుకునే బండి

ఈమధ్య మా పాలిటెక్నిక్‌లో మెకానికల్ విభాగంలో లెక్చరర్‌గా కొత్తగా చేరిన అమ్మాయి ఒకరు నాకు ఫోన్ చేశారు. గొంతంతా కంగారు.

"మేడమ్, ఎవరో ఒకాయన ఆటోలో పెద్ద చక్రం తెచ్చారు. కరెంటు లేకుండా తిరుగుతుందంట. ప్రిన్సిపాల్ గారు నన్ను మాట్లాడమన్నారు. ఆయనకి ఏం చెప్పమంటారు?"

నాకు నవ్వు ఆగలేదు. "ముందు కుర్చీ వెయ్యమ్మా. తర్వాత టీ చెప్పు. ఆ తర్వాత చక్రం తిప్పించి చూడు. మాట్లాడటం ఆఖర్న" అన్నాను.

ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఈ ఉద్యోగంలో ఈ భాగం గురించి ఎవరూ ఎవరికీ చెప్పరు కదా అని. అప్లైడ్ మెకానిక్స్ ఎలా చెప్పాలో పుస్తకాలున్నాయి. లేతు మిషన్ దగ్గర పిల్లల వేళ్లు ఎలా కాపాడాలో సీనియర్లు చెబుతారు. చక్రం భుజాన వేసుకుని, కళ్లలో దీపాలు పెట్టుకుని వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. అందుకే ఇది రాస్తున్నాను. పైగా ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది. సగం కారణం అదే.

గేటు దగ్గర చుట్టాలు

నేను గుంటూరులో మెకానికల్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బ్రాడీపేటలో ఉంటున్నాను. పాఠాలు చెప్పాను, వర్క్‌షాపు చూశాను, ప్రాక్టికల్స్‌కి మార్కులు వేశాను. ఆ పనులు నాకంటే బాగా చేసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి వాటి గురించి రాయను. కాలేజీలో ఇప్పటికీ నా పేరు చెప్పుకునేది ఇంకో పనికి.

మా చుట్టుపక్కల ఎవరు ఏది కనిపెట్టినా దాన్ని తీసుకుని మా గేటు దగ్గరికి వచ్చేవారు. పత్తి ఏరడం అయిపోయి, చేలో పని కాస్త తగ్గిన రోజుల్లో ఇంకా ఎక్కువ. వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచే కేకేసేవాడు. "కరుణ మేడమ్ గారూ, మీ చుట్టం వచ్చాడండీ!"

ఒకాయన నీళ్లతో నడిచే మోపెడ్ తెచ్చాడు. అది నిజంగానే నడిచింది, ట్యాంకులో అడుగున మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా. ఇంకొకాయన ఫ్యాను గాలితో ఆ ఫ్యానునే తిప్పుతానన్నాడు. చీరాల నుంచి ఒక నేత మాస్టరు తెచ్చిన, నూలు కండెలు చుట్టే యంత్రం మాత్రం నిజంగా అద్భుతం. అది చూసి నేను ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను. కాబట్టి వచ్చినవాళ్లందరూ పిచ్చివాళ్లని అనుకోకండి. అలా అనుకునే లెక్చరర్లు ఉంటారు. వాళ్ల క్లాసులో పిల్లలు ప్రశ్నలు అడగరు, గమనించండి.

సీతారామయ్య గారి గంట

నేను చేరిన కొత్తలో పిడుగురాళ్ల నుంచి ఒకాయన వచ్చాడు. సున్నం బట్టీలో పని. అయస్కాంతాలు బిగించిన చక్రం తెచ్చాడు, ఒకసారి తోస్తే ఇక ఆగదని. అప్పటి ప్రిన్సిపాల్ గారు దాన్ని చూడను కూడా చూడలేదు. "ఇది తిరిగితే కరెంటాఫీసు మూసెయ్యాల్సిందేనయ్యా" అని పెద్దగా నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మనిషి చక్రం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మా హెడ్డు సీతారామయ్య గారు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బస్టాపు దాకా పరిగెత్తి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చారు. వర్క్‌షాపులో కూర్చోబెట్టి, చక్రాన్ని తిప్పించారు. అది ఆగేదాకా చూశారు. మళ్లీ తిప్పించారు. మళ్లీ ఆగింది. అప్పుడు మాట్లాడారు. సున్నం గురించి, అయస్కాంతాల గురించి, ఆయన పిల్లల గురించి. ఆ మనిషి వెళ్లేటప్పుడు నవ్వుతూ వెళ్లాడు, చక్రం మాత్రం మాకే వదిలేశాడు.

తర్వాత సీతారామయ్య గారు నాతో అన్నారు. "లేదని చెప్పటానికి అర నిమిషం చాలమ్మా. అది విన్న మనిషి లేచి నిలబడి ఇంటికి వెళ్లటానికి గంట పడుతుంది. మనకి జీతం ఇచ్చేది ఆ గంటకి."

ఆయన దేవుడేమీ కాదు. పరీక్ష పేపరు సెట్ చేసి ఇంట్లో మర్చిపోయి వచ్చేవారు. పిల్లల్ని గేటు దాకా వినపడేలా కేకలేసేవారు. కానీ ఈ ఒక్క మాటతో నా ఉద్యోగం నాకు అర్థమైంది.

ఆ తర్వాత వచ్చిన ఇంకో ప్రిన్సిపాల్ గారిది వేరే పద్ధతి. "పనిచేస్తుందని రాసి తీసుకురామ్మా, సంతకం పెట్టి పంపించేస్తా, మనకి పోయేదేముంది" అనేవారు. చాలామందికి ఆయన మంచివారు. నా లెక్కలో మాత్రం నవ్విన ఆయన కంటే ఈయనే క్రూరుడు. నవ్విన ఆయన ఒక మనిషిని ఒక పూట బాధపెట్టారు. ఈయన సంతకం పట్టుకుని మనుషులు ఏళ్ల తరబడి లేని దారిలో నడిచారు.

ప్లాస్టిక్ కుర్చీ, వాషింగ్ మెషిన్

ఇక అసలు కథకు ముందు చిన్న పాఠం. భయపడకండి, మార్కులు లేవు.

ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాళ్లు పైకెత్తి, ఒంటిని ఒక్కసారి ముందుకు విదిలించి, తర్వాత మెల్లగా వెనక్కి తీసుకోండి. అలా చేస్తూ ఉంటే కుర్చీ కొద్దికొద్దిగా జరుగుతుంది. పిల్లలందరికీ ఈ ఆట తెలుసు. బట్టలన్నీ ఒక పక్కకు చేరినప్పుడు వాషింగ్ మెషిన్ బాత్రూమ్‌లోంచి బయటికి నడిచి రావటమూ ఇలాంటిదే. ఎవరూ తొయ్యలేదు, చక్రం తిప్పలేదు, అయినా అది నడిచింది.

ఎలా నడిచింది? గట్టి విదిలింపుకు నేల పట్టు విడిపోయింది. మెల్లగా వెనక్కి వచ్చేటప్పుడు నేల గట్టిగా పట్టుకుంది. అంటే నడిపించింది నేల. ఈ చిన్న సంగతి మర్చిపోయిన మనిషికి, లోపల బరువులు తిప్పితే చాలు బండి దానంతటదే పోతుంది, మంట వద్దు, రెక్కలు వద్దు, ఏకంగా అంతరిక్షంలోకే పోవచ్చు అనిపిస్తుంది. ఆ ఆలోచన ఎంత ఇంపుగా ఉంటుందంటే, నాకే దాని మీద కాస్త ప్రేమ.

మస్తాన్‌వలీ గారు, ఖైరున్ గారు

నా రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో, మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్నప్పుడు, ఒక ట్రాలీ ఆటో వచ్చి వర్క్‌షాపు ముందు ఆగింది. ముందు భర్త దిగాడు. తర్వాత భార్య దిగింది. తర్వాత ఇద్దరూ కలిసి గోనె పట్టా కప్పిన యంత్రాన్ని దించారు. పట్టా తీయగానే మా వర్క్‌షాపులో ఉన్నవాళ్లందరూ తుమ్మటం మొదలుపెట్టారు.

"క్షమించండి మేడమ్ గారూ" అన్నాడాయన, తనూ తుమ్ముతూ. "మోటారు మా కారం మిల్లుది. ఎంత తుడిచినా పోదు."

ఆయన పేరు మస్తాన్‌వలీ. పాత గుంటూరులో చిన్న కారం మిల్లు. ఒకసారి మిల్లులో కాయలు కొట్టే సుత్తి ఒకటి విరిగిపోయింది. బోల్టులు వదులై ఉండటంతో మిల్లు అదిరి అదిరి గోడ దాకా జరిగిందట. అందరూ దాన్ని పట్టుకోవటానికి పరిగెడితే, ఈయన నిలబడి చూశాడు. అప్పటినుంచి నిద్ర లేదు. రెండు బరువులు, ఎదురెదురుగా తిరిగేవి, ముందుకు వచ్చేటప్పుడు స్ప్రింగు తోసి వేగంగా, వెనక్కి పోయేటప్పుడు నెమ్మదిగా. కింద చెక్క పలక, దానికి బిగుతుగా తిరిగే చిన్న చక్రాలు. అంతే బండి.

"చక్రాలకి పవరు లేదు మేడమ్. ఫ్యాను లేదు. పొగ లేదు. దానంతటదే పోద్ది. రాకెట్టుకి మంటెందుకు, నాకు చెప్పండి?"

భార్య పేరు ఖైరున్నీసా. ఆవిడ ఒక పక్కగా నిలబడి నన్నే చూస్తోంది. కళ్లలో నీళ్లొస్తే భుజానికి రుద్దుకుంటోంది గానీ చెయ్యి పైకి తేవటం లేదు. నేను టీ గ్లాసు అందించబోతే, "అక్కడ పెట్టండి మేడమ్, నేను తీసుకుంటా. నా చెయ్యి తగిల్తే మీకు మండుద్ది" అంది.

మిల్లు నోట్లోకి కాయలు తోసేది ఆవిడే. కాయలు గొట్టంలో ఇరుక్కుంటాయి, చేత్తో నెడుతూ ఉండాలి. సాయంత్రానికి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చోవాలట. పెళ్లయి మిల్లుకి వచ్చినప్పటినుంచి కళ్లు నలుపుకోలేదని నవ్వుతూ చెప్పింది. కంట్లో నలక పడితే భర్త ఊదాలి.

ఆవిడ నవ్వటం ఆపి అసలు సంగతికి వచ్చింది.

"ఊరంతా ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు మేడమ్ ఇవి. మోటారు దీనికి బిగించి మిల్లు ఆపేశాడీయన. నేను ఒకటే చెప్పా. మేడమ్ గారు చూసి కదల్దు అంటే, మోటారు మిల్లుకి, ఈ మాట మళ్లీ ఎత్తకూడదు. కదులుద్ది అంటే, మిల్లుకి తాళమేసి తాళంచెవి ఈయన చేతిలో పెడతా. ఈయన ఏ చుక్కల్లోకి పోతానంటే ఆ చుక్కల్లోకి నేనూ వస్తా."

కొంగుకు ముడివేసిన తాళంచెవి చూపించింది. మస్తాన్ గారు తల ఊపాడు. పందెం ఇద్దరికీ సమ్మతమే. చెప్పాల్సింది నేను.

సిమెంటు నేల మీద

సీతారామయ్య గారి పద్ధతి ప్రకారం ముందు తిప్పించాను. సిమెంటు నేల మీద బండి ఠక్కు ఠక్కుమంటూ ముందుకు జరిగింది. పిల్లలు ఈలలు వేశారు, తుమ్మారు, మళ్లీ ఈలలు వేశారు.

నేను కుర్చీ పాఠం చెప్పాను. మస్తాన్ గారు ఓపిగ్గా విన్నాడు. "అయితే నేల పట్టు లేని చోట పెట్టి చూడండి మేడమ్. నా బండి పోవాల్సింది పైకి గదా. అక్కడ సిమెంటు నేల ఏడుంటది?"

న్యాయమైన మాట. మీకు ఇలాంటి మనిషి దొరికితే వదులుకోవద్దు. తాడుతో వేలాడదీయొచ్చు గానీ, వేలాడే వస్తువు ముందుకు పోయిందో ఊగిందో చూసేవాళ్ల ఇష్టం. అందుకే ఐసు మీద చూద్దామన్నాను.

ఐసు దిమ్మలు

మర్నాడు ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు వచ్చాయి, ఊకలో పొర్లించి గోనెల్లో చుట్టి. మా వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ ప్రకాశం వాటిని దించుకున్నాడు. ప్రకాశానిది చీరాల దగ్గర సముద్రపు పల్లె. చిన్నప్పుడంతా చేపల బుట్టల్లో ఐసు కొట్టి వేసిన చెయ్యి. దిమ్మలు కడిగి, ఒకదానికొకటి ఆనించి నున్నటి బాట చేశాం. మస్తాన్ గారు చక్రాలు తీసేసి పలక అడుగున తళతళలాడే రేకు కొట్టుకొచ్చాడు.

మొదటిసారి తిప్పితే బండి ముందుకు వేలెడు, వెనక్కి వేలెడు ఊగింది. అంతే. ఉన్నచోటే ఉంది.

మస్తాన్ గారి మొహం చూడలేకపోయాను. "బెల్టు లూజైందండీ" అన్నాడు. లూజు కాలేదని నాకు తెలుసు. అయినా బిగించనిచ్చాను. ఈలోగా టీ వచ్చింది. ఎండ మండిపోతోంది. మేమందరం వర్క్‌షాపు వరండాలో టీ తాగాం. ప్రకాశం ఒక్కడే ఐసు దగ్గర ఉండిపోయాడు.

టీ అయ్యాక మళ్లీ స్విచ్చి వేశాం.

బండి కదిలింది.

ఒక దిమ్మ దాటింది. రెండో దిమ్మ మీదికి ఎక్కింది. ఠక్కు ఠక్కుమంటూ, పెళ్లికూతురులా, ఎవరినీ చూడకుండా, చివరి దిమ్మ అంచు దాకా వెళ్లిపోయింది.

ఆ కాసేపు

నేను "స్తోత్రం!" అని కేకవేశాను. మా నాన్న చర్చి బడిలో టీచరు, ఆ కేక ఆయన దగ్గర నేర్చుకున్నదే. మస్తాన్ గారు రెండు చేతులూ పైకెత్తి "అల్లా!" అన్నాడు. పిల్లలు ఏమన్నారో రాయటానికి వీల్లేదు.

"కదిలింది! కదిలింది!" అని గంజి పెట్టిన కాటన్ చీరలో నేను గెంతులు వేశాను. అది ఎవరో ఫోన్‌లో తీశారు. తీయటమే కాదు, అప్పుడే ఎవరెవరికో పంపేశారు కూడా.

మీతో దాపరికం ఎందుకు. అంత సంతోషం నాకు ఉద్యోగంలో మరెప్పుడూ కలగలేదు. చర్యకు ప్రతిచర్య ఉంటుందని పాతికేళ్ల పైగా బోర్డు మీద రాశాను. అదంతా తప్పని, నా కళ్ల ముందు, ఐసు మీద, కారం వాసనతో రుజువైంది. నాకు బాధ కలగాలి కదా? లేదు! పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేసి, "ఒరేయ్, మూడో సూత్రం కొట్టెయ్యండి, గుంటూరులో ఎగిరిపోయింది" అని చెప్పాలనిపించింది. ఆకాశం కాస్త కిందికి దిగి మా వర్క్‌షాపు రేకుల మీద కూర్చున్నట్టుంది.

ఖైరున్ గారు ఏడుస్తోంది. నవ్వుతూ ఏడుస్తోంది. కళ్లు తుడుచుకోవటానికి చేతులు లేవు. నేను పరిగెత్తి నా కొంగుతో ఆవిడ కళ్లు తుడిచాను. ఆవిడ చేతులు నాకు తగలకుండా వెనక్కి పెట్టుకుని తుడిపించుకుంది. తర్వాత ముడి విప్పి తాళంచెవి తీసింది. భర్త చేతిలో పెట్టింది.

అన్న మాట నిలబెట్టుకుంది. ఇంత సీజన్‌లో మిల్లుకి తాళం పడింది, నా కేకను నమ్మి.

అరచేతికి అంటింది

బండిని మళ్లీ మొదటికి తెద్దామని నేనే వంగి ఎత్తాను. రేకు అడుగున చెయ్యి పెట్టగానే ఏదో గరగరలాడింది. చెయ్యి తీసి చూస్తే, అరచేతి నిండా తడిసిన ఊక.

ప్రకాశం వైపు చూశాను. అతను మెరిసిపోతున్న మొహంతో చెప్పాడు. "నేనే చల్లానండీ. మీరు టీకి పోయారు, ఎండ చూస్తే అట్టా ఉంది. ఊక చల్లకపోతే ఈపాటికి నీళ్లయిపోయేయండీ దిమ్మలు!"

తప్పెవరిది? ఐసు కరుగుతుంటే ఊక చల్లటం మా వైపు చేతులకు అలవాటు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. ఇంకే ఊళ్లోనైనా మూడో సూత్రం ఆ పూట క్షేమంగా ఉండేది. నున్నటి ఐసుకు ఊక పట్టునిచ్చింది. పట్టు దొరికింది కాబట్టి బండి నడిచింది. సిమెంటు నేలే, వేరే రూపంలో.

ఈ సంగతి ఆ నిమిషానికి నాకొక్కదానికే తెలుసు. అటు చూస్తే మస్తాన్ గారు తాళంచెవి పిడికిట్లో బిగించి నిలబడి ఉన్నాడు. పిల్లలు ఆయన్ని భుజాలకెత్తుకునేలా ఉన్నారు. ఇంకాస్తసేపు ఈ ఆనందంలో ఉండిపోతే ఏం పోయింది అనిపించింది. సంతకం పెట్టి పంపే ప్రిన్సిపాల్ గారు గుర్తొచ్చారు. ఆయన మంచితనం ఎక్కడ పుట్టిందో ఆ క్షణంలో తెలిసింది.

"మస్తాన్ గారూ, ఐసు కడిగి ఇంకోసారి చూద్దాం" అన్నాను.

"ఎందుకు మేడమ్? పోయింది గదా?"

అరచెయ్యి చాపి చూపించాను. ఆయన ఊకను చూశాడు, ఐసును చూశాడు. ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. ప్రకాశం చేతిలోంచి నీళ్ల బకెట్ తీసుకున్నాడు.

"నేనే కడుగుతా."

కడిగాడు. స్విచ్చి వేశాడు. బండి ఉన్నచోటే ఊగింది. ప్రకాశాన్ని అడిగి గుప్పెడు ఊక తీసుకుని చల్లాడు. నడిచింది. కడిగాడు. ఆగింది. నేను ఫోన్ పట్టుకున్న కుర్రాణ్ణి పిలిచి, "ఇందాకటిది ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఇదీ పంపు. నా గెంతులు పోతే పోయాయి, ఇది మాత్రం పోవాలి" అన్నాను.

దీని గురించి కొత్తవాళ్లకు ఒక మాట. 'అవును' అనే మాటకు కాళ్లెక్కువ. అది గేటు దాటకముందే పరీక్ష మళ్లీ చెయ్యండి. మీకు సంతోషం కలిగినప్పుడైతే ఇంకోసారి చెయ్యండి.

పలక మీద ఊక

మస్తాన్ గారు తడి నేల మీదే కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. సీతారామయ్య గారు చెప్పిన గంట మొదలైందని తెలుసు. స్విచ్చి కట్టెయ్యాలని కూడా ఎవరికీ తోచలేదు. బండి ఐసు మీద ముందుకు వేలెడు, వెనక్కి వేలెడు ఊగుతూనే ఉంది.

"అదేంది మేడమ్" అంది ఖైరున్ గారు. "బండి పోటంలా గానీ, దాని మీద ఊక పోతంది."

చూశాం. ఇందాక ఎవరి చేతిలోంచో రాలిన ఊక పలక మీద వరసగా, బుద్ధిగా నడుచుకుంటూ వెనక అంచు దాకా వెళ్లి కింద పడుతోంది.

ఆవిడ అడిగింది కాబట్టి చెప్పాను, చెప్పటం నాకు చేతనైన పని కాబట్టి కాస్త ఊపిరి కూడా వచ్చింది. "పలక ఒక్క విదిలింపున ముందుకు పోతుంది, ఊక వెనకబడిపోతుంది. మెల్లగా వెనక్కి వచ్చేటప్పుడు ఊకను కూడా తీసుకొస్తుంది. మళ్లీ విదిలింపు, మళ్లీ అంతే. బండి నేలను పట్టుకుని నడిచినట్టే, ఊక పలకను పట్టుకుని నడుస్తోంది."

మస్తాన్ గారు తల ఎత్తాడు. లేచి, ట్రాలీ ఆటోలో గోనె పట్టా మడతల్లో వెతికి నాలుగు ఎండు మిరపకాయలు తెచ్చాడు. పలక మీద పెట్టాడు. నాలుగూ ఒకదాని వెనక ఒకటి ఊగుతూ నడిచి, అంచు దగ్గర టపటప కింద పడ్డాయి.

ఆయన ఇక బండిని చూడలేదు. భార్య చేతులను చూశాడు.

"మేడమ్, దీన్ని నేలకి బోల్టులేసి, కింద రబ్బరు పెట్టి బిగిస్తే?"

"అప్పుడు అది ఎక్కడికీ పోదండీ."

"అది పోకపోతేనే గదా కాయలు పొయ్యేది! మిల్లు నోట్లోకి, వాటంతటవే. ఎవరూ చెయ్యి పెట్టకుండా."

నేను మళ్లీ గెంతేదాన్నే, ఫోన్లు ఉన్నాయని ఆగాను. అంతరిక్షానికి బయల్దేరిన మనిషి తన బండిని తన చేతులతో నేలకు బిగిస్తానంటున్నాడు, అదీ నవ్వుతూ. ఆ నవ్వు కోసం నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. పక్కన కూర్చున్నాను, అడిగినప్పుడు తెలిసింది చెప్పాను. ఆ గంట అంటే అంతే.

తాళంచెవి భార్యకు తిరిగిచ్చేశాడు.

"మోటారు కూడా" అంది ఆవిడ.

"మోటారు కూడా. పలకకి మిల్లు షాఫ్టు నుంచే బెల్టు వేసుకుంటా."

"చుక్కల్లోకి?"

"అయ్యెక్కడికి పోతయ్యే? ఆడే ఉంటయ్."

మళ్లీ ఎండాకాలం

మర్నాటికల్లా మోటారు మిల్లుకి చేరిందని తెలిసింది. పలక కుదరటానికి మాత్రం చాన్నాళ్లు పట్టింది. మొదట కాయలన్నీ ఒక మూలకు చేరాయట. తర్వాత పలక మిల్లుని వదిలి గుమ్మం వైపు నడిచిందట. ప్రకాశం ఆదివారాలు చర్చి అవగానే వెళ్లి సాయం పట్టాడు. ఊక చల్లినందుకు అతను పడ్డ మథనమంతా అక్కడ తీర్చుకున్నాడు. నేను మాత్రం వెళ్లలేదు. ఫోన్‌లో సలహాలు ఇచ్చాను, వాటిలో సగం తప్పు.

రిటైరయ్యాక వచ్చిన ఎండాకాలంలో, మా ఇంటి ఆవకాయకు మిరపకాయలు తీసుకుని ఆ మిల్లుకి వెళ్లాను. గేటు దగ్గరే తుమ్ములు మొదలయ్యాయి. లోపల మిల్లు హోరు. మిల్లు పక్కన నేలకు గట్టిగా బిగించిన పలక, దాని మీద రేకు కాలవ. గోనె సంచి ఒకటి కాలవలోకి నోరు తెరుచుకుని వాలి ఉంది. ఎర్రటి కాయలు ఊగుతూ, తోసుకోకుండా, మిల్లు నోట్లోకి నడిచిపోతున్నాయి. దూకే ముందు ఒక్కో కాయ కాస్త ఆగినట్టు కనిపిస్తోంది. నేను నవ్వు ఆపుకోలేక అక్కడే నిలబడిపోయాను.

మస్తాన్ గారు దూరం నుంచి అరిచాడు. "బండి ఎట్టా పోతందో చూశారా మేడమ్!"

"పోటంలేదు గదండీ!" అని నేనూ అరిచాను.

ఖైరున్ గారు లోపల్నుంచి వచ్చింది. ఉత్త చేతులు. రెండు అరచేతులూ నా ముందు పెట్టి తిప్పి చూపించింది.

"పొద్దుటి నుంచి మిల్లు ఆడతానే ఉంది మేడమ్. కాయ ముట్టుకుంటే ఒట్టు. చూడండి."

అని, నేను వద్దు వద్దు అంటుండగానే, రెండు కళ్లూ మూసుకుని అరచేతులతో గట్టిగా, నిద్రలేచిన చిన్నపిల్లలా, నలుపుకుంది. కళ్లు తెరిచి నవ్వింది. తర్వాత అవే చేతులతో నా రెండు బుగ్గలూ పట్టుకుంది.

మండలేదు.